క్రీప్ తర్వాత రేడియోహెడ్‌కి ఏమైంది? మనోళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలు

బెజవాడలో గానీ గుంటూరులో గానీ కాలేజీ ఫెస్టులో ఇంగ్లీషు పాటలు వాయించే బ్యాండ్ ఎక్కిందంటే, రేడియోహెడ్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు పాట క్రీప్ దాదాపు గ్యారంటీ. అది విన్న కుర్రాళ్ళు రూముకెళ్ళి రేడియోహెడ్ అని కొట్టి, చేతికొచ్చిన ఆల్బమ్ పెట్టి, రెండు నిమిషాలు విని ఆపేసి నాకు మెసేజ్ పెడతారు, “అన్నా ఇది వాళ్ళేనా?” అని. ఒక్కొక్కళ్ళకి వాయిస్ నోట్లు పెట్టే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఒకచోట రాసేశా. ఏ ప్రశ్న దగ్గర మొదలెట్టినా పర్లేదు.

## కొత్తగా వినేవాళ్ళకి

క్రీప్ పాడినోళ్ళు, ఈ కంప్యూటర్ సౌండ్ల పాటలు చేసినోళ్ళు ఒకళ్ళేనా? మధ్యలో మనుషులు మారారా?

ఒకళ్ళే, ఒక్క మనిషి కూడా మారలేదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన ఆబింగ్డన్ అనే ఊళ్ళో ఒకే స్కూల్లో చదివిన ఐదుగురు: పాడేది థామ్ యార్క్, గిటారూ కీబోర్డూ ఇంకా కనపడిన ప్రతీదీ వాయించేది జానీ గ్రీన్‌వుడ్, బేస్ వాళ్ళన్నయ్య కాలిన్, ఇంకో గిటార్ ఎడ్ ఓబ్రయన్, డ్రమ్స్ ఫిల్ సెల్వే. 1985లో మొదలెట్టారు, శుక్రవారం శుక్రవారం ప్రాక్టీస్ కాబట్టి అప్పట్లో బ్యాండ్ పేరు ఆన్ ఎ ఫ్రైడే, 1991లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో కాంట్రాక్ట్ అయ్యాక వాళ్ళు పేరు మార్చమంటే రేడియోహెడ్ అయింది. సౌండు ఇంత మారినా మనుషులు అలాగే ఉండటమే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం, మామూలుగా ఇంత మారితే ఒకడో ఇద్దరో అలిగి వెళ్ళిపోతారు.

ఆయన ఏం పాడుతున్నాడో ఒక్క ముక్క అర్థం కావట్లేదు బ్రో, నా ఇంగ్లీషు తేడానా?

నీ ఇంగ్లీషు బానే ఉంది. అక్కడివాళ్ళకీ సగం అర్థం కాదు. థామ్ మాటల్ని నమిలి పాడతాడు, కిడ్ ఏ అనే 2000 నాటి ఆల్బమ్ టైములో అయితే విడివిడి వాక్యాలు కాగితం ముక్కల మీద రాసి కలిపేసి, చేతికొచ్చినవి తీసి పాటలో పెట్టాడు. కథ కోసం వెతక్కుండా గొంతుని ఒక వాయిద్యంలా విను.

## క్రీప్ రోజులు

క్రీప్ రిలీజవ్వగానే హిట్టా?

కాదు. 1992 సెప్టెంబరులో సింగిల్‌గా వస్తే వాళ్ళ దేశంలోనే చార్టులో 78వ ప్లేసు. బీబీసీ రేడియో 1 వాళ్ళు మరీ దిగులుగా ఉందని ఎక్కువ వెయ్యలేదు. ముందు ఇజ్రాయెల్ రేడియోలో పట్టుకుంది, తర్వాత అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు ఆల్టర్నేటివ్ రాక్ స్టేషన్లలో, అప్పుడు కంపెనీ 1993లో మళ్ళీ రిలీజ్ చేస్తే బ్రిటన్లో 7వ ప్లేసుకి ఎక్కింది. అంటే బయటూళ్ళో ఆడాక సొంతూళ్ళో ఆడిన సినిమా టైపు. అసలు ఆ పాట రికార్డ్ చెయ్యాలని ప్లానే లేదు. రిహార్సల్లో వాయిస్తే ప్రొడ్యూసర్లు వేరేవాళ్ళ పాటేమో అనుకున్నారు, వీళ్ళదేనని తెలిశాక రికార్డ్ చేయించారు.

కోరస్ ముందు గిటార్ ‘జ్జక్ జ్జక్’ అంటుంది కదా, అది కావాలని పెట్టిందా?

జానీ పని అది. పాట మరీ మెత్తగా ఉందని విసుగొచ్చి, చెడగొడదామని గట్టిగా కొట్టాడు, అదే పాటకి ప్రాణం అయి కూర్చుంది. ఇక్కడ ఒకటి గమనించాలి: మొదటి హిట్టులోనే, అందరికీ నచ్చే మెత్తదనం మీద బ్యాండులోనే ఒకడికి చిరాకు ఉంది. తర్వాత పాతికేళ్ళు వాళ్ళు చేసిందంతా ఆ చిరాకు పెద్దదవ్వటమే అని నా అభిప్రాయం.

క్రీప్ కాపీ అంటారు, నిజమేనా?

హాలీస్ అనే బ్యాండు 1974లో హిట్ చేసిన ద ఎయిర్ దట్ ఐ బ్రీద్ పాటకి గిటార్ కార్డుల (కలిపి మోగించే స్వరాల) వరసలో, కొంత ట్యూన్‌లో పోలికుంది. అందుకే ఆ పాట రాసిన ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్ పేర్లు కూడా క్రీప్ రచయితల్లో చేర్చారు, రాయల్టీలో వాటా ఇచ్చారు. గొడవ అక్కడితో సరి.

అంత పేరు తెచ్చిన పాట మీద వాళ్ళకెందుకు అంత కోపం?

నీకు ఒక పాట వచ్చు, ఊరంతా అదే పాడమంటది, ఆ ఒక్కటీ అయ్యాక లేచి వెళ్ళిపోతారు, అప్పుడు మిగతా సెట్టు ఎవరి కోసం? 1993లో పాబ్లో హనీ అనే మొదటి ఆల్బమ్ తీసుకుని అమెరికా అంతా తిరిగితే వీళ్ళకి జరిగింది అదే. ఒక్క హిట్టు బ్యాండ్ అన్న ముద్ర పడిపోతోందని భయం కూడా. 1994లో మై ఐరన్ లంగ్ అనే పాటలో డైరెక్టుగా ఆ కోపమే పెట్టారు, ఊపిరి నిలబెట్టే మెషీనే మనిషిని కదలనివ్వదు అన్న టైపులో. తిండి పెడుతున్న పాటని తిట్టడం పొగరు అనేవాళ్ళూ ఉన్నారు, నాకు మాత్రం అందులో భయమే ఎక్కువ కనపడుద్ది.

## ద బెండ్స్, ఓకే కంప్యూటర్

రెండో ఆల్బమ్‌లో ఏం మారింది? నాకు అదీ మామూలు రాక్ లాగే ఉంది

మామూలు రాకే, కానీ పని తెలిసిన రాక్. ద బెండ్స్ 1995లో వచ్చింది, ప్రొడ్యూసర్ జాన్ లెకీ. మొదటి ఆల్బమ్‌లో మూడు గిటార్లూ ఒకేసారి అరుస్తాయి, ఇందులో ఎవరి చోటు వాళ్ళకుంది, ఒకడు పాడుతుంటే ఇంకొకడు ఆగుతాడు. ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్ విను, అకూస్టిక్ గిటారుతో మొదలై ఎప్పుడు పెద్దదైందో తెలియకుండా పెద్దదవుద్ది. ఆ పాట రికార్డింగప్పుడు లండన్లో జెఫ్ బక్లీ అనే అమెరికన్ గాయకుడి కచేరీకి వెళ్ళొచ్చారు, గొంతుని అంత బలహీనంగా, అంత ఎత్తులో వదిలేసినా జనం వింటారని థామ్‌కి అక్కడ ధైర్యం వచ్చింది. ఇంకో సంగతి, ఈ ఆల్బమ్‌కి ఇంజనీరుగా పనిచేసిన నైజెల్ గాడ్రిచ్ అనే కుర్రాడే తర్వాత ప్రతి ఆల్బమ్‌కీ ప్రొడ్యూసర్ అయ్యాడు. సౌండు మారిందంటే ఆయన చెయ్యి చాలా ఉంది.

ఓకే కంప్యూటర్ ఎందుకంత గొప్ప అంటారు?

1997 ఆల్బమ్. స్టూడియోలో కాకుండా బాత్ నగరం దగ్గర సెయింట్ కేథరిన్స్ కోర్ట్ అనే పాత బంగళాలో చాలావరకు రికార్డ్ చేశారు, అది నటి జేన్ సేమోర్‌ది. రాతి గోడలు, పెద్ద హాళ్ళు, దాంతో ఇల్లే ఎకో మెషీన్ అయిపోయింది. ఎగ్జిట్ మ్యూజిక్‌లో గొంతు దూరంగా మోగుతుందే, అది రాతి మెట్ల దగ్గర పాడింది. ఎయిర్‌బ్యాగ్‌లో డ్రమ్స్ వాయించి, ఆ రికార్డింగ్‌లో ముక్కని కంప్యూటర్లో కోసి అతికించారు, ఫిట్టర్ హ్యాపియర్‌లో అయితే మ్యాక్ కంప్యూటర్ గొంతే మాట్లాడుద్ది. అంటే మెషీన్లు కిడ్ ఏలో ఊడిపడలేదు, ఇక్కడే తలుపు తోసుకుని వచ్చేశాయి.

కంపెనీవాళ్ళు విని రేడియోలో వేసే పాట ఏదిరా ఇందులో అని కంగారుపడి అమ్మకాల అంచనా తగ్గించుకున్నారు. తీరా చూస్తే బ్రిటన్లో నంబర్ 1, గ్రామీ. కంపెనీ అంచనా తప్పి వీళ్ళ మొండితనం గెలిచింది కాబట్టే తర్వాత ఇంకా మొండిగా వెళ్ళే ధైర్యమొచ్చింది.

పారనాయిడ్ ఆండ్రాయిడ్ ఏంటన్నా నాలుగు పాటలు కలిపి కుట్టినట్టుంది?

కుట్టిందే. విడివిడిగా ఉన్న ముక్కల్ని కలిపి ఆరు నిమిషాలు దాటిన పాట చేశారు. మధ్యలో తాళం లెక్క 4 నుంచి 7కి జారుద్ది, ఆపైన వేగం బాగా తగ్గిపోయి కోరస్ గుంపు పాడినట్టు వస్తది. దాన్ని మొదటి సింగిల్‌గా వదిలారు చూడు, అదీ తెగింపు. బ్రిటన్లో 3వ ప్లేసు కొట్టింది.

## కిడ్ ఏ, ఆమ్నీసియాక్

ఓకే కంప్యూటర్ అంత హిట్టయ్యాక గిటార్లు ఎందుకు పక్కన పెట్టారు? పిచ్చా?

ఎక్కువ మంది అడిగేది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తా. మొదటిది, అలసట. ఓకే కంప్యూటర్ టూరు, ఇంటర్వ్యూలు, ఫొటోలు, ఆ రోజులన్నీ 1998లో మీటింగ్ పీపుల్ ఈజ్ ఈజీ అనే డాక్యుమెంటరీలో ఉన్నాయి, అందులో థామ్ మొహం చూస్తే గెలిచినోడి మొహంలా ఉండదు. తర్వాత గిటార్ పట్టుకుంటే పాట రాలేదు, గిటార్ వదిలి పియానో ముందు కూర్చున్నాడు. రెండోది, అప్పటికి ద బెండ్స్ సౌండు పట్టుకుని బ్రిటన్లో ఇంకో డజను బ్యాండ్లు తయారయ్యాయి, సన్నటి గొంతు, దిగులు గిటారు, పెద్ద కోరస్. తన గొంతే ఎక్కడికెళ్ళినా వేరేవాళ్ళ నోట్లోంచి వినపడుతుంటే ఎవడికైనా మార్చెయ్యాలనిపిస్తది. మూడోది, ఆ టైములో థామ్ వింటున్నదే వేరు, వార్ప్ రికార్డ్స్ వాళ్ళ ఎలక్ట్రానిక్ మ్యూజిక్, అఫెక్స్ ట్విన్, ఆటెకర్, వీటిల్లో పాడేవాడు ఉండడు, మనిషి మొహం ఉండదు, మొహం చూపించీ చూపించీ విసిగినోడికి అదే సుఖంగా అనిపించింది.

1999 జనవరిలో పారిస్‌లో మొదలెట్టారు, తర్వాత కోపెన్‌హాగెన్, తర్వాత ఇంగ్లండు. నెలల తరబడి ఒక్క పాటా పూర్తవ్వక బ్యాండు విడిపోతుందేమో అన్నదాకా వెళ్ళింది. పిచ్చి కాదు గానీ, తేలికైన నిర్ణయం మాత్రం కాదు.

మరి గిటారిస్టులు ఇద్దరూ ఏం చేశారు, ఖాళీగా కూర్చున్నారా?

ఎడ్‌కి నిజంగానే కొన్నాళ్ళు తన పనేంటో అర్థం కాలేదు, స్టూడియో డైరీ రాసుకుంటూ ఆ అయోమయం దాచకుండా బయటపెట్టాడు. తర్వాత గిటారుని గిటారులా కాకుండా పొడుగాటి సౌండ్లు పుట్టించే పెట్టెలా వాడటం నేర్చుకున్నాడు. జానీకి మాత్రం పండగే. ఓన్డ్ మార్తెనో అని 1928 నాటి ఫ్రెంచి ఎలక్ట్రానిక్ వాయిద్యం పట్టుకొచ్చాడు, అది స్వరం నుంచి స్వరానికి జారుద్ది, మన గమకాలు విన్న చెవికి చాలా దగ్గరగా తగుల్తది. హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీలో వెనక మూలిగేది అదే. ఇడియోటెక్ అయితే జానీ గంటకి దగ్గరగా ఏవేవో ఎలక్ట్రానిక్ సౌండ్లు రికార్డ్ చేసి ఇస్తే, థామ్ అందులోంచి చిన్న ముక్క ఏరి పాట కట్టాడు, ఆ ముక్కలో పాల్ లాన్‌స్కీ అనే అమెరికన్ కంపోజర్ 1970ల్లో కంప్యూటర్ మీద చేసిన సంగీతం ఉంది, ఆయన పర్మిషన్ తీసుకునే వాడారు. ద నేషనల్ యాంథమ్‌లో ఆ బేస్ వాయించింది థామ్. ఎవరి వాయిద్యం వాళ్ళదే అన్న రూలే పోయింది, అసలు మార్పు గిటార్లు పోవటం కాదు, ఇదీ.

కిడ్ ఏ ఫ్లాప్ కదా?

ఎవరు చెప్పార్రా నీకు. 2000 అక్టోబరులో సింగిల్ లేకుండా, మామూలు వీడియోలు లేకుండా వదిలితే అమెరికాలోనూ బ్రిటన్లోనూ నంబర్ 1. రిలీజుకి ముందే, ఇంటర్నెట్లో జనం పాటలు పంచుకునే నాప్‌స్టర్‌లో లీకైపోయింది, అయినా. గ్రామీ కూడా వచ్చింది. మొదట్లో కొంతమంది విమర్శకులు చీల్చి చెండాడిన మాట నిజం.

నేను కిడ్ ఏ చాలాసార్లు ట్రై చేశా, ఎక్కట్లేదు. ఏం చెయ్యాలి?

బలవంతంగా వినకు ముందు. ఫోను స్పీకర్లో అస్సలు వద్దు, బేస్ మొత్తం పోద్ది, మిగిలేది బీప్ బీప్ మాత్రమే. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో బండి మీద కూడా ఇది వినే ఆల్బమ్ కాదు. రాత్రి రైల్లో చెన్నై నుంచి వస్తూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లైట్లు ఆపేశాక, మొదటి పాట నుంచి వరసగా విను. షఫుల్ పెడితే ఈ ఆల్బమ్ చచ్చిపోద్ది. ముందు హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ, ఆప్టిమిస్టిక్ పట్టుకో, ఆ రెంట్లో పాత రేడియోహెడ్ ఇంకా కనపడుద్ది. అయినా ఎక్కలేదా, వదిలెయ్, పరీక్ష కాదుగా.

ఆమ్నీసియాక్ అంటే కిడ్ ఏలో మిగిలిపోయిన పాటలేనా?

అవే సెషన్లు, కానీ చెత్తబుట్టలోవి కాదు. రెంటినీ కలిపి డబుల్ ఆల్బమ్ చేస్తే మరీ బరువైపోద్దని విడదీసి దీన్ని 2001లో వదిలారు. పిరమిడ్ సాంగ్ ఒక్కటి చాలు, పియానో ఎక్కడ అడుగేస్తదో పట్టుకోలేవు, డ్రమ్స్ వచ్చాక గానీ లెక్క దొరకదు. లైక్ స్పిన్నింగ్ ప్లేట్స్ అయితే ఇంకో పాటని వెనక్కి తిప్పి వింటే బాగుందని ఆ వెనక్కి తిరిగిన ట్యూను మీదే పాడింది. ఆల్బమ్‌గా అతుకు సరిగా లేదు, అది నేనూ ఒప్పుకుంటా.

## ఆ తర్వాత

మళ్ళీ గిటార్లు వచ్చాయా లేదా, అది చెప్పు చాలు

వచ్చాయి. 2003లో హెయిల్ టు ద థీఫ్. స్టూడియోలో ఏళ్ళు పూళ్ళు కూర్చునే అలవాటు మానేసి, లాస్ ఏంజెలిస్ వెళ్ళి రెండు వారాల్లో చాలావరకు లైవుగా వాయించేశారు. గిటార్లూ మెషీన్లూ రెండూ ఉంటాయి. 14 పాటలు, రెండు మూడు తగ్గిస్తే బాగుండేది, థామ్ కూడా తర్వాత తగ్గించిన లిస్టు ఒకటి పెట్టాడు. దేర్ దేర్ మాత్రం వదలొద్దు, లైవులో గిటారిస్టులిద్దరూ గిటార్లు పక్కనపెట్టి డ్రమ్స్ కొడతారు.

ఇన్ రెయిన్‌బోస్ ఫ్రీగా ఇచ్చారంట, ఎందుకు?

ఫ్రీ అని కాదు, నీకు తోచింది ఇవ్వు అన్నారు, సున్నా కొట్టినా డౌన్‌లోడ్ అయ్యేది. ఈఎంఐతో కాంట్రాక్ట్ అయిపోయింది, అడిగేవాడు లేడు, పది రోజుల ముందు చెప్పి 2007 అక్టోబరు 10న సొంత సైట్లో పెట్టేశారు. తర్వాత సీడీగా కొట్లలోకి వస్తే మళ్ళీ రెండు దేశాల్లోనూ నంబర్ 1. ఈ అమ్మకం గొడవలో పడి జనం ఆల్బమ్ గురించి తక్కువ మాట్లాడారు, నా మటుకు వాళ్ళ బెస్ట్ ఇదే. ద బెండ్స్ నాటి వెచ్చదనం, కిడ్ ఏలో నేర్చిన లెక్కలు, రెండూ ఒకే పాటలో కూర్చుంటాయి. రెకనర్‌లో ఫిల్ డ్రమ్స్ మీద చెవి పెట్టు, కొట్టేది మనిషే, ఆగని మెషీన్‌లా ఉంటది, అయినా మెత్తగా ఉంటది. న్యూడ్ ఓకే కంప్యూటర్ రోజుల నాటి పాట, సరైన రూపం దొరక్క అన్నేళ్ళు పక్కన పెట్టారు. అందులో కాలిన్ బేస్ విను, ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ తన దారిన తనో పాట పాడుకుంటూ పోద్దే, ఆ జాతి.

15 స్టెప్‌కి చప్పట్లు కొడుతుంటే ప్రతిసారీ తప్పుతున్నా

నువ్వు 4 లెక్కేస్తున్నావ్, పాట 5లో ఉంది. మృదంగం నేర్చుకున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకో, ఖండచాపు అని ఒక్కసారి చెప్పు, నీకన్నా ముందు పట్టుకుంటారు. మన దుర్గాపురం ఘంటసాల సంగీత కళాశాలలో చదివిన చెల్లెలు ఒకామె మొదటిసారి వింటూనే తొడ మీద వేసేసింది, నేను నోరెళ్ళబెట్టా. ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్‌ని 10గా లెక్కపెడితే సరిపోద్ది, 2+2=5 మొదట్లో 7, అంటే మిశ్రచాపు వాళ్ళకి సుళువు. వాళ్ళు కర్ణాటక సంగీతం చూసి చేశారని కాదు నేననేది, మనకి ఆ లెక్కలు అంత పరాయి కాదని.

కింగ్ ఆఫ్ లింబ్స్ బాగోదంట కదా

2011ది, 8 పాటలు, 37 నిమిషాలు. వాయించిన ముక్కల్ని శాంపిల్ చేసి తిప్పి తిప్పి కట్టారు, దానికి సాఫ్ట్‌వేర్ కూడా జానీనే రాసుకున్నాడు. రికార్డులో కొంచెం పొడిగా ఉంటది. అవే పాటలు క్లైవ్ డీమర్ అనే రెండో డ్రమ్మర్‌ని పెట్టుకుని వాయించిన లైవ్ వీడియోలు చూడు, అప్పుడు తిట్టు.

చివరి ఆల్బమ్ ఏది? అందులో ఏ సౌండు?

2016 మే నెలలో వచ్చిన ఎ మూన్ షేప్డ్ పూల్. ఈసారి వయొలిన్లు, కోరస్, పియానో ముందుకొచ్చాయి, అప్పటికే జానీ సినిమాలకి ఆర్కెస్ట్రా రాసి రాసి చెయ్యి తిరిగినోడు. పాటలు అక్షరక్రమంలో ఉంటాయి. చివరి పాట ట్రూ లవ్ వెయిట్స్ 1995లోనే స్టేజి మీద గిటారుతో పాడినది, స్టూడియో ఆల్బమ్‌లోకి రావటానికి ఇరవై ఏళ్ళు పట్టింది, అదీ గిటార్ లేకుండా, పియానో చుక్కల మీద. పాత గిటార్ లైవు, ఈ పియానో వెర్షను, రెండూ పక్కపక్కన విను. సౌండు ఎందుకు మారుస్తారు అనే ప్రశ్నకి నేను ఇంత టైపు చేసి చెప్పినదానికన్నా అది బాగా చెప్తది.

ఇప్పుడున్నారా, విడిపోయారా?

విడిపోలేదు. 2018 టూరు తర్వాత చాలాకాలం కలిసి స్టేజి ఎక్కలేదు, థామ్, జానీ కలిసి టామ్ స్కిన్నర్ అనే డ్రమ్మర్‌తో ద స్మైల్ అని ఇంకో బ్యాండ్ పెట్టి 2022 నుంచి మూడు ఆల్బమ్‌లు చేశారు. 2025 నవంబరు, డిసెంబరుల్లో మాడ్రిడ్, బొలోన్యా, లండన్, కోపెన్‌హాగెన్, బెర్లిన్‌లలో మళ్ళీ ఐదుగురూ కలిసి వాయించారు.

జానీ మన దేశం వచ్చి ఆల్బమ్ చేశాడంట, నిజమా?

నిజమే. 2015లో జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో షై బెన్ త్సూర్ అనే ఇజ్రాయెల్ సంగీతకారుడితో, రాజస్థాన్ వాద్యకారులతో కలిసి జునూన్ చేశాడు. రికార్డ్ చేసింది నైజెల్ గాడ్రిచ్, దాని మీద అమెరికన్ సినిమా డైరెక్టర్ పాల్ థామస్ ఆండర్సన్ డాక్యుమెంటరీ కూడా తీశాడు. అందులో జానీ వెనక బెంచీ, ముందు కూర్చునేది ఖవ్వాలీ పాడేవాళ్ళూ బ్యాండు బాకాలూ. మన ఇళ్ళల్లో పెద్దాళ్ళకి వినిపించగలిగేది ఇదొక్కటే అనుకుంటా.

క్రీప్ ఇప్పటికీ పాడతారా?

పాడతారు, వాళ్ళకి బుద్ధి పుట్టినప్పుడు. మధ్యలో ఏళ్ళకేళ్ళు ముట్టుకోలేదు, 2009 రెడింగ్ ఫెస్టివల్లో ఏకంగా మొదటి పాటగా వేసి అందరికీ షాకిచ్చారు, 2016 టూరులో మళ్ళీ వచ్చింది.

నాకు టైము లేదు, వరస చెప్పు ఏది ముందు వినాలో

మెలోడీ కావాలంటే ద బెండ్స్ ముందు, తర్వాత ఓకే కంప్యూటర్, ఆపైన కిడ్ ఏ వదిలేసి ఇన్ రెయిన్‌బోస్‌కి దూకు, అక్కణ్ణుంచి వెనక్కొచ్చి కిడ్ ఏ. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ముందే అలవాటున్నోళ్ళు తిన్నగా కిడ్ ఏ. పాబ్లో హనీ ఆఖర్న, అదీ తీరికుంటే.

గిటార్ నేర్చుకుంటున్నా, క్రీప్ ఒక్కటే వచ్చు. తర్వాత ఏది?

క్రీప్‌లో నాలుగే కార్డులు, జి, బి, సి, సి మైనర్, ఆ సి నుంచి సి మైనర్‌కి జారటమే పాటకి దిగులు తెస్తది, దాన్ని శ్రద్ధగా విను ఎందుకంటే ఆ జారుడు వాళ్ళ పాటల్లో చాలాచోట్ల ఉంటది. తర్వాత స్ట్రీట్ స్పిరిట్, ఎ మైనర్ పట్టుకుని ఒక్కో తీగ మీటటం, కుడి చేతికి మంచి కసరత్తు. అది నెమ్మదిగా వచ్చాకే వియర్డ్ ఫిషెస్ జోలికెళ్ళు, మెట్రోనోమ్ పెట్టుకుని, ఇంకో గిటారున్న ఫ్రెండ్‌ని పిలిచి, ఎందుకంటే అది ఒక్కడు వాయిస్తే తేలదు. ఫెస్టులో స్లాట్ ఇస్తే మాత్రం ఈసారి క్రీప్ వద్దమ్మా, కర్మా పోలీస్ వెయ్యండి, చివర్లో జనం కూడా పాడతారు.